ఆడజెడ అనే ఇంగ్లీషు మాట

మా ఆయన పేరు ముసలయ్య. నోటితోని ఎన్నడూ పలకలేదు, ఇకమీద పలకను. రాస్తే దోషం లేదని మా అమ్మ చెప్పేది గనక రాస్తున్న. నేను మూడో తరగతి మధ్యలనే బడి మానేసిన. నా అక్షరాలు వంకర పోతయి, మాట మటుకు పోదు. ఆయన గురించి వేరేటోళ్లు రాస్తే మంచోడు, నెమ్మదస్తుడు అని రెండు ముక్కలల్ల తేలుస్తరు. మంచోడే, కాదనను. కానీ నలభైకి వచ్చిన మనిషి నాలుగు అక్షరాల ఒక్క ఇంగ్లీషు మాటతోని బొగ్గు బావి లోపలికి దిగుడు తప్పించుకున్న సంగతి నాకంటె సక్కగ ఎవరికీ తెల్వదు. అందుల సగం గొప్ప నాది.

ఆయనకంటె ముందు పుట్టినోళ్లు ఇద్దరు దక్కలేదు. వీడన్న ముసలోడయ్యేదాక బతకాలని మా అత్త ఉయ్యాలలనే ముసలయ్య అని పేరు పెట్టింది. పెండ్లి మాటలప్పుడు ఆ పేరు విని మా అమ్మ ఏడ్చింది, నా బిడ్డను ముసలోనికిస్తరా అని. తీరా చూస్తే ఇరవై ఏండ్ల పిలగాడు, మీసం సుత సరిగ రాలేదు.

ఊరు దుమ్ముగూడెం. గోదారి ఒడ్డున నావలు చేసేటోళ్ల దగ్గర చిన్నప్పుడే పనిల చేరిండు. ఆయన చేతికి మొదట అందిన పనిముట్టు బాడిస. చూడనోళ్లకు చెప్త: బాడిస అంటే గొడ్డలికి చెల్లె. గొడ్డలి అలుగు పిడితోని కలిసి నిలువుగ ఉంటది, బాడిస అలుగు మట్టి తీసే పారకు ఉన్నట్టు అడ్డంగ ఉంటది. దుంగ మీద నిలబడి, తన కాళ్ల దిక్కే కొట్టుకుంట చెక్కాలె. చెయ్యి ఒక్క వేలెడు తప్పితే కాలే పోతది. మా ఆయన కాళ్లకు ఇప్పటికీ పది వేళ్లున్నయి. ఇంతకంటె సర్టిఫికెట్ ఏం కావాలె?

నావల పని తగ్గినంక ఇల్లందు వచ్చినం. బావిల బదిలీ పని దొరికింది. బదిలీ అంటే ఎవరన్న రాకుంటే వాళ్ల బదులు పోవుడు. బొగ్గు తీసిన జాగల పైకప్పు కూలకుండ చెక్క దిమ్మెలు నిలబెట్టే పని. ఆయన లోపలికి దిగిన రోజు నేను పొయ్యి మీద ఏం పెట్టిన్నో నాకే తెల్వదు. ఒకసారి ఉప్పు బదులు చక్కెర ఏసి పప్పు చేసిన. ఆయన తిని, బాగుందన్నడు. గట్లాంటి మనిషి.

బావి పైన, ఎండ కనబడేకాడ, వర్క్‌షాపు ఉన్నది. అండ్ల కార్పెంటర్ పోస్టు ఒక్కటి ఖాళీ పడ్డది. అది దొరికితే జన్మల లోపలికి దిగే పని లేదు. దొరకకుంటే ఎప్పటికీ లోపలే. దానికి ట్రేడ్ టెస్ట్ అని పెట్టిండ్రు. చెక్క పని చేసి చూపియ్యాలె, అది ఆయనకు ఆట. కానీ స్టోరుల సామాన్లన్నీ ఇంగ్లీషు పేర్లతోని రాసుంటయట, ఆ పేర్లు చెప్తె చూపియ్యాలె, చూపిస్తె చెప్పాలె.

మొదటిసారి పెద్దాఫీసు నుంచి వచ్చిన దొర, ప్లేన్ ఏది అని అడిగిండు. మా ఆయన కిటికీల నుంచి ఆకాశం దిక్కు చూపిచ్చిండు. ఆ దొర అడిగింది చిత్రికను, చెక్క నున్నగ చేసేదాన్ని. అది బల్ల మీదనే ఉన్నది. రెండోసారి ఫైల్ ఏది అని అడిగిండ్రు. ఈయన శానా తెలివిగ గుమాస్తా చంకల ఉన్న కాగితాల కట్టను చూపిచ్చిండు. వాళ్లకు కావలసింది ఆకురాయి, రంపం పండ్లు నూరేది. ఇంగ్లీషు రానందుకు తప్పలేదు చూడండ్రి, వచ్చిన ఇంగ్లీషుతోనే తప్పిండు.

మూడోసారి పిలిస్తె అదే ఆఖరు. నలభై నిండినోళ్లను టెస్టుకు రానియ్యరు, ఈయనకు అప్పటికి ముప్పై తొమ్మిది. అండ్ల మళ్ల ఒక తిరకాసు. ఆఫీసుల గుమాస్తా లిస్టుల పేరు చూసి, ఈ ముసలాయనకు టెస్టేంది అని కొట్టేసిండు. ఈయన తల వంచుకుని ఇంటికొచ్చిండు. నేను చెంగు దోపుకుని ఆఫీసుకు పోయిన. పేరుల ముసలితనం ఉంటె ఒంట్ల ఉన్నట్టా, నీ పేరు ధర్మయ్య గద, లిస్టుల పేర్లు కొట్టేస్తవా అని అడిగిన. పక్కబల్లోళ్లు నవ్విండ్రు. పేరు మళ్ల ఎక్కింది. టెస్టు దసరా అయినంక అన్నరు. అంటే నడుమ రెండు నెలలు.

ఆ రెండు నెలలల్లనే ఆఫీసర్ల క్లబ్బుల కుర్చీలు బాగు చేసే పని ఈయనకు వచ్చింది. అక్కడ వర్క్‌షాపు ఇంజినీరు వెంకటరామారావు సారు, ఆయన భార్య భారతమ్మ గారు రోజూ సాయంత్రం ఒక ఆట ఆడేటోళ్లు. కోస్తా దిక్కు నుంచి వచ్చినోళ్లు, పొలాలున్నోళ్లు, చదువుకున్నోళ్లు. గళ్ల అట్ట మీద చిన్న చిన్న చెక్క బిళ్లలు పేర్చుడే ఆట. ఒక్కో బిళ్ల మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, మూలకు ఒక అంకె. అక్షరాలు కలిపి మాట చేస్తె అన్ని పాయింట్లు. ఎప్పుడూ భారతమ్మ గారే గెలిచేది. సారు ఎప్పుడూ, ఇంకొక్క ఆట అనేటోరు.

ఆ బిళ్లలల్ల పదకొండు పోయినయి. కొన్ని కుక్క నమిలింది, కొన్ని బండల సందుల పడ్డయి. భారతమ్మ గారు కాగితం మీద ఆ పదకొండు అక్షరాలు గీసిచ్చి, ఇవి చేసిపెడతావా ముసలయ్యా అని అడిగింది. ఈయన కాగితం ఇంటికి తెచ్చి, టేకు ముక్కలు ఏరి, వాకిట్ల కూసుని మొదలుపెట్టిండు.

అక్షరం రాని మనిషి అక్షరం చెక్కుతుంటె చూడాలె. చదవడు, ఇల్లు కడుతున్నట్టు కడతడు. ఇది గుడిసె కప్పు, నడుమ దూలం, అని 'ఏ' చెక్కిండు. ఇది తలుపు సగం తీసినట్టుంది, అని 'డి'. అన్నీ బాగనే వచ్చినయి గానీ రెండు బిళ్లల కాడ కొట్లాట అయింది. నేను కాగితాన్ని ఒక దిక్కు నుంచి చూసిన, ఆయన ఇంకో దిక్కు నుంచి చూసిండు. ఒకటి 'ఎన్', ఒకటి 'జెడ్'. రెండూ ఒక్కటే. నిలబడితే 'ఎన్', పక్కకు పండుకుంటె 'జెడ్'. ఇంగ్లీషోళ్లు అక్షరాలు సరిపోక ఒకదాన్నే రెండుసార్లు వాడుకున్నరని నేనన్న.

అప్పుడు ఆయన ఒక పని చేసిండు. చెక్కకు నార ఉంటది గద, చెట్టు పెరిగిన దిక్కు గీతలు గీతలుగ. 'ఎన్' బిళ్లల నార నిలువుగ పోయేటట్టు, 'జెడ్' బిళ్లల నార అడ్డంగ పోయేటట్టు కోసిండు. కండ్లు మూసుకుని బొటనవేలితోని రుద్దితె చాలు, ఏది ఏదో చెప్తడు. ఆ ఉపాయం ఏ బడిల చెప్పరు.

బిళ్లలు చూసి భారతమ్మ గారు మురిసి, ఏం కావాలో అడుగు అన్నది. పైసలు అడుగుతడనుకున్నది. మా ఆయన గోడ దిక్కు చూసుకుంట, అమ్మా, నాకు మాటలు కావాలె, అన్నడట. టెస్టు సంగతి చెప్పిండు. ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వచ్చింది. నువ్వు చెక్కిన ఒక్కో అక్షరానికి ఒక్కో మాట ఇస్తాను, ఆ అక్షరం అందులో ఉంటుంది, మాట పొట్టిగా ఉంటుంది, నీ పనికి వస్తుంది, అన్నది.

అన్నట్టే రోజుకో మాట ఇచ్చింది. 'డబ్ల్యూ' ఉన్న మాట సా, అంటె రంపం. 'ఎక్స్' ఉన్నది యాక్స్, గొడ్డలి. 'ఎఫ్' ఉన్నది ఫైల్, మన ప్రాణం తీసిన ఆకురాయి. 'ఎన్' ఉన్నది ప్లేన్, ఆకాశంలది కాదు. 'పి' ఉన్నది పెగ్, చెక్కమేకు. ఆ పెగ్గు అనే మాట మా కాలనీల మగోళ్లందరికీ ముందే వచ్చు, మేకు అనే అర్థమే ఎవరికీ తెల్వదు. 'జే' ఉన్నది జా, అంటె దవడ, పట్టకారుకు సుత ఉంటదట. అది చెప్పుకుంట ఈయన నా దిక్కు చూసి, నీకు ఉన్నది గద, గంత పెద్దది, అన్నడు. ఆ రోజు కూర రెండోసారి ఏయలేదు.

'జెడ్' కాడ భారతమ్మ గారు కొంచెం ఆలోచించి, నీకోసమే ఉంది ఒక మాట అన్నదట. ఏ, డి, జెడ్, ఇ. ఆడ్జ్. బాడిస అని అర్థం.

మా ఆయన ఇంటికి ఉరికినట్టే వచ్చిండు. ఏమే, మన బాడిసకు ఇంగ్లీషుల పేరున్నదే, అన్నడు. ఏంది పేరు అంటె అప్పటికే మర్చిపోయిండు. అక్షరాలు మటుకు చేతుల ఉన్నయి. మట్టిల గీసి, భారతమ్మ గారు చెప్పినట్టు ఒక్కోదాని పేరు చెప్పిండు. నేను ఒక్కొక్కటి పట్టుకుని కూడబలుక్కున్న. ఆ, డ, జెడ్. ఆడ జెడ. ఇందుల గుర్తుంచుకునేదానికి ఏమున్నది, ఇగో నా వీపు మీద లేదా అని చూపిచ్చిన. అప్పట్ల నా జెడ నడుము దాటేది, తల తిప్పితె ఊగి వచ్చి తగిలేది. బాడిస సుత గట్లనే ఊగి వచ్చి దిగుతది. ఆయన నవ్వి, ఇగ మర్చిపోను అన్నడు.

అన్ని మాటలకూ నేనే కొక్కెం తగిలిచ్చిన. రంపం సా... సా... అంటది, అదే దాని పేరు. పొద్దుగాల పండ్లు తోముకునేటప్పుడు, బోరింగు కాడ, బియ్యం చెరిగేటప్పుడు అడుగుతనే ఉన్న. గొడ్డలి? యాక్సు. ఆకురాయి? ఫైలు. బాడిస? ఆడజెడ. పక్కింటి బతుకమ్మ, మీ ఆయనకు ఏమన్న గాలి సోకిందా వదినా అని అడిగింది. ఇంగ్లీషు సోకింది అన్న.

ఇంకో ఇరవై రోజులల్ల టెస్టు అనంగ క్లబ్బుల లడాయి అయింది. ఈయన వరండాల కుర్చీకి నవారు బిగిస్తున్నడు, అంతా చూసిండు. ఆటల భారతమ్మ గారు ఏ, డి, జెడ్, ఇ పేర్చింది. సారు ఆ 'జెడ్' బిళ్లను ఎత్తి, ఇది 'ఎన్', నువ్వు పక్కకి తిప్పావు అన్నరు. బిళ్ల మీద మా ఆయన అంకె వెయ్యలేదు, అందుకే అనుమానం. ఆమె మా ఆయనను పిలిచింది. ఈయన బొటనవేలితోని రుద్ది, నార అడ్డం పోయింది సార్, ఇది జెడ్డే, అన్నడు.

సరే, అక్షరం ఒప్పుకున్నరు. మాట ఒప్పుకోలేదు. పదిహేనేళ్ల సర్వీసులో నేను వినలేదు, అలాంటి మాటే లేదు అన్నరు. డిక్షనరీ తెమ్మన్నరు. క్లబ్బు డిక్షనరీకి చెదలు పట్టి 'ఏ' పేజీలు మొత్తం పోయినయి, అది 'బి' తోనే మొదలయితది. భారతమ్మ గారు బిళ్లలన్నీ సంచిల పోసి మూతి కట్టింది. మీరు ఈ మాట ఒప్పుకునేదాకా నేను ఆడను అన్నది. ఆనాటి సంది క్లబ్బుల ఆట బంద్.

మా ఆయన మొగం ఇంత చేసుకుని వచ్చిండు. ఎందుకంటె టెస్టుల కూసునేది ఆ సారే, పెద్దాఫీసు దొర పక్కన. సారు లేదన్న మాటను సారు ముందు ఎట్ల చెప్పేది? చెప్తె సారుకు కోపం, చెప్పకుంటె పేరు రానట్టు. బాడిసను చూపిస్తె నేను ఊకుంట వెంకమ్మా, మిగిలినవి చెప్తగద, అన్నడు.

నాకు ఒళ్లు మండింది. ఊకుంటె లోపలికి దిగుడే గద. నీ కాళ్ల పది వేళ్లను ఇన్నేండ్లు ముట్టని పనిముట్టు అది, దాని పేరు నీకు తెలిసి సుత దాచుకుంటవా, అన్న. సారుకు కోపమొస్తె వాళ్ల ఇంటావిడ ఉన్నది చల్లార్చడానికి. నువ్వు లోపలికి దిగితె నన్ను ఎవరు చల్లార్చాలె? ఆయన చేతిల ముద్దను మళ్ల పళ్లెంల పెట్టిండు.

టెస్టు రోజు నేను సద్ది పట్టుకుని పోయి వర్క్‌షాపు ఇనుప జాలీ బయట నిలబడ్డ. సద్ది పేరుకే, చూద్దామనే పోయిన. ముందు పని. రెండు చెక్కలు మేకు లేకుండ అతకమన్నరు. అతికి ఇచ్చిండు, పెద్దాఫీసు దొర రెండు చేతులతోని గుంజిండు, రాలేదు. తర్వాత బల్ల మీద పనిముట్లు. రంపం ఎత్తితె సా. గొడ్డలి ఎత్తితె యాక్స్. ప్లేన్ ఏది అంటె మా ఆయన కిటికీ దిక్కు చూడనే లేదు, చిత్రిక మీద చెయ్యి పెట్టిండు. ఆకురాయి ఎత్తేలోపలనే ఫైల్ అన్నడు. నేను జాలీ పట్టుకుని లెక్క పెట్టుకుంటున్న.

ఆ దొర బాడిస ఎత్తిండు.

మా ఆయన వెంకటరామారావు సారు దిక్కు చూసిండు. సారు పెన్ను టోపీ తీసుడు, పెట్టుడు చేస్తున్నరు. ఈయన నేల చూసిండు. తర్వాత తల ఎత్తి జాలీ దిక్కు చూసిండు. నేను నోరు తెరవలేదు. జెడ తీసి ముందటికి ఏసుకున్న, అంతే.

"ఆడజెడ, సార్," అన్నడు.

పెద్దాఫీసు దొరకు అర్థం కాలేదు. ఏమిటి, మళ్లీ చెప్పు అన్నడు. ఆడజెడ, అన్నడు ఈయన గట్టిగ, ఏ, డి, జెడ్డు, ఇ. పక్కనున్న గుమాస్తా ధర్మయ్య కిసుక్కున నవ్విండు. వెంకటరామారావు సారు మొగం ఎర్రబడ్డది.

"ఈ మాట నాకు తెలుసండీ. మా ఇంట్లో పుట్టింది, ఏ పుస్తకంలోనూ లేదు," అన్నరు.

ఆ దొరకు సుత ఆ మాట తెల్వదు. తప్పు రాద్దామా అన్నట్టు కాగితం మీద పెన్ను పెట్టిండు.

మా ఆయన, ఒక్కసారి ఇయ్యండి సార్, అని బాడిసను చేతుల తీసుకున్నడు. అలవాటు ప్రకారం బొటనవేలు పిడి మీద పోనిచ్చిండు. స్టోరుల ప్రతి పనిముట్టుకూ ఒక ఇత్తడి బిళ్ల తీగతోని కట్టి ఉంటది. నూనె, బొగ్గు పొడి పట్టి అది నల్ల నాణెం లెక్క ఉన్నది. దాని మీద వేలు ఆగింది. రుద్దిండు. మళ్ల రుద్దిండు. చదివేటోళ్లు కండ్లతోని చదువుతరు, ఈయన వేలితోని చదివిండు. గుడిసె కప్పు, నడుమ దూలం. సగం తీసిన తలుపు. పండుకున్న 'ఎన్'.

తువాలు కొసను నాలుకతోని తడిపి బిళ్లను తుడిచి, రెండు చేతులతోని సారు ముందు పెట్టిండు.

"సార్, ఇది నేను చెక్కలేదు. మీ స్టోరోళ్లే కొట్టిండ్రు," అన్నడు.

సారు కండ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూసిండ్రు. ఏ, డి, జెడ్, ఇ. కింద నాలుగో నంబరు. పదిహేనేళ్ల సంది ఆ బిళ్ల ఆయన వర్క్‌షాపులనే వేలాడుతున్నది. పెద్దాఫీసు దొర సుత వంగి చూసి, పక్కకు తిరిగి దగ్గినట్టు చేసిండు. అది దగ్గు కాదు. కొంచెంసేపటికి సారే పొట్ట పట్టుకుని నవ్విండ్రు. గంత పెద్ద మనిషి గంతసేపు నవ్వంగ నేనెప్పుడూ చూడలేదు. పాస్ అని రాయండి, అన్నరు ఆ దొరతోని. నాకు ఇంకో పరీక్ష ఉంది, ఇంటికి వెళ్లి ఒప్పుకోవాలి, అన్నరు.

ధర్మయ్యను మటుకు నేను పోతుపోతు పలకరిచ్చిన. ముసలాయన పాసయిండు నాయనా, లిస్టుల మంచిగ రాయి, అన్న.

ఆ సాయంత్రమే క్లబ్బుల ఆట మళ్ల మొదలయిందట. మర్నాడు భారతమ్మ గారు మా ఇంటికొచ్చింది, గడపల కూసుని చాయ తాగింది. అంతా నా నోటనే మళ్ల చెప్పిచ్చుకున్నది. ఆఖరుకు మెల్లగ, దాన్ని ఆడ్జ్ అనాలి వెంకమ్మా, అన్నది. మీరు గట్లనే అనుకోండి అమ్మా, మా ఇంట్ల మటుకు జెడ ఉంటేనే గుర్తుంటది, అన్న. ఆమె నా జెడ దిక్కు చూసి, చాయ పొలమారేదాక నవ్వింది. వాళ్లు బదిలీ అయి పోయేటప్పుడు ఆ 'జెడ్' బిళ్ల మా ఆయన చేతుల పెట్టిపోయింది. ఇప్పటికీ నా తాళంచెవుల గుత్తికి ఉన్నది.

ఇరవై ఏండ్లు ఆయన ఎండ కనబడేకాడ పని చేసిండు. ఆయన చేతి కింద పని నేర్చినోళ్లందరూ బాడిసను ఆడజెడ అనే అన్నరు. వాళ్ల దగ్గర నేర్చినోళ్లూ అంతే. దానికి వేరే పేరున్నదనే ఎవరికీ తెల్వదు.

తొంభై ఏడుల రిటైర్మెంట్ రోజు మీటింగు పెట్టిండ్రు. కొత్తగ వచ్చిన ఇంజినీరు, పిల్లగాడే, దండ ఏసి, శాలువ కప్పి మంచిగ మాట్లాడిండు. ముసలయ్య గారు పేరుకు తగ్గట్టు ఇప్పుడు ముసలోరయ్యిండ్రు, అంటె అందరూ నవ్విండ్రు. ఆయన చేతిలో ఆడ్జ్ ఆడినట్టు ఇంకెవరి చేతిలోనూ ఆడదు, అన్నడు తర్వాత. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఏందన్నడు, ఏందన్నడు అని ఒకరి మొగం ఒకరు చూసుకున్నరు.

వెనక వరుసల నుంచి ఎవరో, "ఆడజెడ సార్, ఆడజెడ," అని అందిచ్చిండు.

అప్పుడు పడ్డయి చూడండ్రి చప్పట్లు. ఆడోళ్ల కుర్చీలల్ల కూసున్న నేను చెయ్యి వెనక్కి పెట్టి జెడ చూసుకున్న. ఎలుక తోక లెక్క మిగిలింది. అయినా ముందటికి ఏసుకున్న. స్టేజీ మీద దండల నడుమ నుంచి ఆయన ఇటు దిక్కే చూస్తున్నడు.